తెరిచే మందే మూసేస్తుంది: నికోటినిక్ రిసెప్టర్ల చిక్కుముడి

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ ముందు నిద్రమందు ఇస్తారు. పేషెంట్ కళ్ళు మూతపడ్డాక చేతి నరంలోకి ఇంకో ఇంజెక్షన్ వెళ్తుంది. దాని పేరు సక్సినైల్‌కోలిన్. థియేటర్లలో 'స్కోలిన్' అంటారు. అది ఎక్కిన కొన్ని సెకన్లకు ముఖం మీద సన్నటి అదురు మొదలవుతుంది. కనురెప్పలు, దవడ, మెడ, భుజాలు, పొట్ట, చివరికి కాలివేళ్ళు... చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండరాలు అలలు అలలుగా వణుకుతాయి. నిమిషం తిరిగేసరికి అంతా సద్దుమణిగి, ఒళ్ళు తడిగుడ్డలా వాలిపోతుంది. ఊపిరి కూడా ఆగిపోతుంది. డాక్టర్ గొంతులోకి గొట్టం వేసి, ఊపిరి పోసే పని యంత్రానికి అప్పజెప్పుతారు.

కండరాలను వదులు చెయ్యడానికి ఇచ్చిన మందు ముందుగా వాటిని ఎందుకు అదిరించింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే నికోటినిక్ రిసెప్టర్ల కథంతా దారిలో పడుతుంది. లేకపోతే "నికోటిన్ పార్కిన్సన్స్‌కు మంచిదట", "నికోటిన్ పనిని అడ్డుకునే మందు డిప్రెషన్‌కు మంచిదట" అనే వార్తలు పక్కపక్కనే కనిపించినప్పుడు ఏది నమ్మాలో తెలియదు. నిజానికి ఆ రెండు వార్తల వెనకా పనిచేసిన ఆలోచన చాలావరకు ఒకటే.

చెరువు తూమును గుర్తు తెచ్చుకోండి. ఇటు నీళ్ళు, అటు కాలువ, మధ్యలో ఒక తలుపు, దాన్ని ఎత్తడానికి ఒక చక్రం. నికోటినిక్ రిసెప్టర్ అలాంటి తూమే. ఐదు ప్రొటీన్ ముక్కలు పూరేకుల్లా గుండ్రంగా చేరి మధ్యలో సన్నటి రంధ్రం వదులుతాయి. మామూలుగా అది మూసే ఉంటుంది. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి రిసెప్టర్ పైభాగాన్ని పట్టుకోగానే రంధ్రం తెరుచుకుంటుంది, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. అక్కడున్నది కండరమైతే బిగుస్తుంది, నరకణమైతే కబురు ముందుకు సాగుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు లెక్కల్లో జరిగే పని. వెంటనే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వచ్చి ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసి చోటు ఊడ్చేస్తుంది. మళ్ళీ కొత్త కబురుకు తూము సిద్ధం.

ఈ తూమును ఆపాలంటే చక్రం దగ్గర ఒకడు అడ్డంగా నిలబడితే చాలు. తను తిప్పడు, ఇంకొకణ్ణి తిప్పనివ్వడు. దక్షిణ అమెరికా ఆదివాసుల బాణాల విషం క్యురారే చేసే పని ఇదే. లేదంటే చక్రం ఎంత తిరిగినా నీళ్ళు పారకుండా తూము లోపల గోనెసంచి కుక్కెయ్యొచ్చు. ముందు ముందు చాలాసార్లు కనబడబోయే మెకామైలమిన్ అనే మందు ఈ రకం. మూడో పద్ధతి ఉంది, అదే అసలు చిక్కు. చక్రం తిప్పి, వదలకుండా అలాగే పట్టుకోవడం. కాసేపటికి తలుపు తనంతట తానే జారిపోయి మొరాయిస్తుంది. ఇక ఎవరొచ్చి తిప్పినా కదలదు. బెర్నార్డ్ కాట్జ్, స్టీఫెన్ థెస్లెఫ్ 1957లో కప్ప కండరం మీద ఈ మొరాయింపును కొలిచి చూపించారు. దీన్ని డీసెన్సిటైజేషన్ అంటారు.

స్కోలిన్ సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. అది రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను తోకకు తోక ముడేసినట్టుండే మందు. అంటే తెరిచే మందే. అందుకే మొదట అదురు. అయితే కండరం దగ్గరి కోలినెస్టరేజ్ దాన్ని ఊడ్చలేదు. తూము తెరిచే ఉండిపోయి, పక్కనున్న కాలువంతా పోటెత్తి, కొత్త కబురును అందుకునే స్థితి పోతుంది. మందు ఇంకా ఎక్కువసేపు ఉంటే తూమే మొరాయిస్తుంది. బయటనుంచి చూసేవాడికి రెండూ ఒకటే, మనిషి కదలడు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. కేంబ్రిడ్జ్‌లో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ 1889లోనే నికోటిన్‌ను కుంచెతో జంతువుల నరాల కూడళ్ళ మీద పూసి చూశాడు. ముందు కూడలి ఉత్తేజపడింది, ఆ తర్వాత దాని గుండా ఏ కబురూ పోలేదు. 1905లో కోడి కండరాల మీద ఇంకో ప్రయోగం చేశాడు. నరం కోసేశాక కూడా నికోటిన్ చుక్క వేస్తే కండరం బిగిసింది, క్యురారే వేస్తే ఆ బిగింపు తగ్గింది. ఆ రెండూ దేనికోసం పోటీపడుతున్నాయో ఆ పదార్థం కండరంలోనే ఉండాలని అతను తేల్చాడు. మందుల శాస్త్రంలో 'రిసెప్టర్' అనే ఆలోచన నిలదొక్కుకున్న చోట్లలో ఇదొకటి. మన ఒంట్లో నికోటిన్ పుట్టదు. అయినా ఈ తూములకు పొగాకు పేరు మిగిలిపోవడానికి కారణం ఈ పాత ప్రయోగాలే. ప్రకాశం జిల్లాలో తెల్లవారుజామున మంచుకు తడిసిన పొగాకు ఆకు విరిచే కూలీలను అడిగితే నికోటిన్ ఏం చేస్తుందో వాళ్ళూ చెబుతారు. చర్మం గుండా ఒంట్లోకి దిగి తల తిప్పుతుంది, వాంతులు పట్టుకుంటాయి. ఒక్క చుట్టా కాల్చకపోయినా సరే.

ఈ తూములు ఒంట్లో మూడు ముఖ్యమైన చోట్ల ఉన్నాయి. నరం కండరాన్ని తాకే చోట, గాంగ్లియా అనే నరాల కూడళ్ళలో, మెదడులో. అన్నిచోట్లా ఐదు ముక్కలే, కానీ ఏ ముక్కలన్నది మారుతుంది. ఒకచోట పనిచేసే మందు ఇంకోచోట పనిచెయ్యకపోవడానికి ఒక కారణం అది. 'నికోటినిక్ బ్లాకర్', అంటే ఈ తూములను అడ్డుకునే మందు, అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఎక్కడ అని.

కండరం సంగతి బాగా తేలిపోయింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. 1814లో చార్లెస్ వాటర్టన్ అనే ఆంగ్లేయుడు దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన క్యురారేను ఒక గాడిదకు ఎక్కించాడు. అది చచ్చినట్టు పడిపోయింది. గొంతు దగ్గర ఊపిరిగొట్టానికి గాటు పెట్టి, కొలిమితిత్తితో గంటల తరబడి గాలి ఊదారు. విషం దిగిపోయాక గాడిద లేచి నిలబడింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికింది. గుండె ఆగలేదు, మెదడు చెడలేదు. ఆగింది ఊపిరి పీల్చే కండరాలే. 1850లలో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ కప్ప మీద దీన్ని ఇంకా సూటిగా చూపించాడు. ఒక కాలికి రక్తం పోకుండా కట్టి, మిగతా ఒంటికి విషం ఎక్కించాడు. పక్షవాతం వచ్చిన వైపు గిల్లితే, విషం చేరని ఆ ఒక్క కాలు తన్నింది. అంటే నొప్పి తెలుస్తోంది, కబురు వెన్నుపాము దాకా పోయి తిరిగొస్తోంది, తెగింది చివరి మజిలీలోనే. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అపెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చిన ఒక మనిషికి శుద్ధిచేసిన క్యురారే ఇచ్చాక ఇది మత్తు డాక్టర్ల పెట్టెలోకి చేరింది. ఈరోజు వాడే వెకురోనియం, అట్రాక్యూరియం దాని వారసులే.

ఇదే చోట ఒక జబ్బు ఉంది. పొద్దున్న లేచినప్పుడు మనిషి బాగానే ఉంటాడు. సాయంత్రానికి కనురెప్ప బరువెక్కి సగం మూసుకుంటుంది. టీవీలో అక్షరాలు రెండుగా కనిపిస్తాయి. అన్నం నమలడం మొదలుపెట్టిన కాసేపటికి దవడ అలిసిపోతుంది. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడేసరికి గొంతు ముక్కుతో మాట్లాడినట్టవుతుంది. కాసేపు పడుకుని లేస్తే మళ్ళీ కొంచెం నయం. ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు, కళ్ళ డాక్టర్ దగ్గరికి పోతే అద్దాలు మారుస్తారు. ఇది మయస్థీనియా గ్రావిస్. వాలిన రెప్ప మీద ఐస్ ముక్క రెండు నిమిషాలు పెడితే రెప్ప పైకి లేస్తుంది. చల్లబడితే కోలినెస్టరేజ్ మందగిస్తుందన్నది దీనికి చెప్పే ఒక కారణం. యంత్రమేదీ లేని ఈ పరీక్షను న్యూరాలజిస్టులు ఇప్పటికీ చేస్తారు.

1934లో లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో పనిచేస్తున్న డాక్టర్ మేరీ వాకర్‌కు ఈ జబ్బు అచ్చం క్యురారే విషంలా ఉందని తోచింది. క్యురారేకు విరుగుడు ఫైసోస్టిగ్మిన్. అది కోలినెస్టరేజ్‌ను ఆపి ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలుపుతుంది. దాన్ని తన పేషెంట్‌కు ఇస్తే వాలిన రెప్ప లేచింది. నేటికీ మయస్థీనియా పేషెంట్లు రోజూ వేసుకునే పైరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ ఆలోచనకు కొనసాగింపే. కానీ ఒంట్లో క్యురారే లేదు కదా, మరి తూమును అడ్డుకుంటున్నదెవరు?

జవాబు ఒక పాము దగ్గర దొరికింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి చారల కట్లపాము విషం నుంచి ఆల్ఫా-బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. అది కండరంలోని నికోటినిక్ రిసెప్టర్‌ను పట్టుకుంటే ఇక వదలదు. శాస్త్రవేత్తలకు కావలసింది సరిగ్గా అదే. దానికి రేడియోధార్మికపు గుర్తు పెడితే రిసెప్టర్లు ఎక్కడున్నాయో లెక్కపెట్టొచ్చు, ఆ పట్టుతో వాటిని బయటికి లాగొచ్చు. కరెంట్ ఈల్ అనే చేప తన విద్యుత్ అవయవంలో ఈ రిసెప్టర్లను కుప్పలు తెప్పలుగా దాచుకుంటుంది. అందులోంచి రిసెప్టర్‌ను శుద్ధి చెయ్యడం 1970ల మొదట్లో సాధ్యమైంది. 1973లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ ఆ రిసెప్టర్‌ను కుందేళ్ళకు ఇంజెక్ట్ చేశారు. వాళ్ళకు కావలసింది దానికి విరుద్ధంగా పుట్టే యాంటీబాడీలు మాత్రమే. కుందేళ్ళు చతికిలబడిపోయాయి. వాటి యాంటీబాడీలు చేప రిసెప్టర్‌తో పాటు తమ సొంత కండరాల రిసెప్టర్లనూ దెబ్బతీశాయి. మయస్థీనియాలో జరిగేదీ ఇదే. అదే ఏడాది పేషెంట్ల కండరాల్లో రిసెప్టర్లు బాగా తగ్గిపోయాయని అదే పాము విషంతో లెక్కగట్టారు. బ్లాకర్ మందుగా పనికొచ్చిందా లేదా అని అడిగేవాళ్ళకు నేను ఇచ్చే మొదటి ఉదాహరణ ఇది. ఆల్ఫా-బంగారోటాక్సిన్ ఎవరికీ మందు కాలేదు. అయినా ఒక జబ్బు గుట్టు విప్పింది. స్టెరాయిడ్లు, థైమస్ గ్రంథి తీసేసే ఆపరేషన్, ఈ మధ్య వచ్చిన ఎఫ్‌గార్టిగిమాడ్ లాంటి మందులు అన్నీ ఆ యాంటీబాడీల మీదికే గురిపెడతాయి.

పాముల మాట వచ్చింది కాబట్టి మన పొలాల దాకా వద్దాం. నాగుపాము విషంలో క్యురారేలా చక్రం దగ్గర అడ్డంగా నిలబడే టాక్సిన్లు ఉన్నాయి. అందుకే నాగుపాము కాటుకు విషం విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు నియోస్టిగ్మిన్ (ఇదీ ఫైసోస్టిగ్మిన్ లాంటిదే), అట్రోపిన్ ఇస్తే వాలిన రెప్పలు లేచే అవకాశం ఉంటుంది. మన కట్లపాము అలా కాదు. దాని విషంలో ముఖ్యమైన భాగం రిసెప్టర్ జోలికే పోదు, నరం కొసనే పాడుచేస్తుంది. కబురు పంపేవాడే పడిపోయాక నియోస్టిగ్మిన్ ఏం చెయ్యగలదు? నేల మీద పడుకున్నవాణ్ణి రాత్రి కరిచి పోతుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం మొదలవుతాయి. అలాంటి మనిషిని నిలబెట్టేది నరం కొస మళ్ళీ మొలిచేదాకా రోజుల తరబడి గాలి అందించే వెంటిలేటర్. రెండు శతాబ్దాల కిందట వాటర్టన్ గాడిదకు కొలిమితిత్తి చేసిన పని అదే.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులది. అవి కోలినెస్టరేజ్‌ను కట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పోగుపడి తూములన్నీ పోటెత్తుతాయి. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇస్తే నోట్లో నురగ తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు ఆరుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కానీ అట్రోపిన్ పనిచేసేది మస్కారినిక్ అనే వేరే రకం రిసెప్టర్ల మీద. నికోటినిక్ తూములను అది తాకదు. అందుకే అంతా కుదుటపడిందని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో, పేషెంట్ దిండు మీంచి తల ఎత్తలేకపోతాడు. ఆ తర్వాత ఊపిరి కండరాలు సడలుతాయి. 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. మరి తగుపాటి మోతాదులో నికోటినిక్ బ్లాకర్ ఇచ్చి ఆ పోటును ఆపితే? ఆలోచన పాతదే, ల్యాబుల్లో పరిశోధన సాగుతోంది. ఇబ్బందల్లా ఒకటే. మోతాదు కాస్త ఎక్కువైతే ఆగేది మళ్ళీ అదే ఊపిరి.

గాంగ్లియా కథ చిన్నది, కొంచెం నవ్వు తెప్పించేది కూడా. 1948లో విలియం పేటన్, ఎలియనార్ జైమిస్ హెక్సామిథోనియం అనే మందును పరిచయం చేశారు. అది నరాల కూడళ్ళలోని తూములను మూసేస్తుంది. రక్తనాళాలను బిగించే కబురు తెగిపోతే బీపీ పడిపోతుంది. అప్పటిదాకా తీవ్రమైన బీపీకి చెప్పుకోదగ్గ మందే లేదు కాబట్టి అది గొప్ప సంగతే. కానీ ఆ కూడళ్ళ గుండా పోయేది బీపీ కబురు ఒక్కటే కాదు. చెమట, కన్నీరు, ఉమ్మి, పేగుల కదలిక, కంటిపాప, మూత్రాశయం అన్నీ అక్కణ్ణుంచే. పేటన్ 1954లో 'హెక్సామిథోనియం మనిషి' అని ఒక ఊహాచిత్రం గీశాడు. చెయ్యి కలిపితే వెచ్చగా, పొడిగా ఉంటుంది. నవ్వగలడు కానీ ఏడ్చినా కన్నీళ్ళు రావు. సిగ్గుతో ముఖం ఎర్రబడదు. చొక్కా కాలర్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. ఎక్కువసేపు క్యూలో నిలబడితే మాత్రం కళ్ళు తిరిగి పడిపోతాడు.

ఆ మనిషి నిజంగానే ఉన్నాడు. 2000లో మేయో క్లినిక్ వైద్యులు ఒక అరుదైన జబ్బులో గాంగ్లియా నికోటినిక్ రిసెప్టర్‌కు విరుద్ధంగా యాంటీబాడీలున్నాయని చూపించారు. లేచి నిలబడితే బీపీ పడిపోవడం, నోరు ఎండడం, చెమట పట్టకపోవడం, మలబద్ధకం, కదలని కంటిపాపలు. మయస్థీనియా క్యురారేకు అద్దం పట్టినట్టు, ఈ జబ్బు హెక్సామిథోనియానికి అద్దం పడుతుంది. రెండుచోట్లా బ్లాకర్ ఏం చేస్తుందో తెలిసినందుకే జబ్బును అర్థం చేసుకోగలిగాం. మెదడు దగ్గరికి వచ్చేసరికి ఇంత చక్కని జోడీ దొరకదు.

1947లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టర్ మత్తు లేకుండా తనకే క్యురారే ఎక్కించుకున్నాడు. ఒళ్ళంతా బిర్రబిగిసిపోలేదు, సడలిపోయింది. వేలు కూడా కదల్చలేకపోయాడు, తోటివాళ్ళు గాలి ఊదారు. కానీ జరుగుతున్నదంతా వింటూనే ఉన్నాడు, తర్వాత పూసగుచ్చినట్టు చెప్పాడు. క్యురారే మెదడులోకి పోదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని రానివ్వదు. మెదడులోని తూముల సంగతి తేల్చాలంటే ఆ గోడ దాటే బ్లాకర్ కావాలి.

అది మెకామైలమిన్. 1950లలో బీపీ మాత్రగా వచ్చింది, హెక్సామిథోనియం ఇబ్బందులన్నీ దానికీ ఉండడంతో మూలనపడింది. అయితే అది సులువుగా మెదడులోకి పోతుంది. బీపీకి ఇచ్చిన దాంట్లో చిన్న వంతు మోతాదు చాలు, మెదడు తూములు మూసుకోవడానికి. అలా మూలనపడ్డ మాత్రకు న్యూరాలజీ, సైకియాట్రీ వార్డుల్లో రెండో జన్మ దొరికింది. సమస్యేమిటంటే మెదడులో ఈ తూములు చాలావరకు కబురు అందుకునే చోట ఉండవు, కబురు పంపే నరం కొసల మీద ఉంటాయి. అక్కడ కూర్చుని డోపమిన్, గ్లుటమేట్, గాబా లాంటి ఇతర రసాయనాలు ఎంత వదలాలో సర్దుతుంటాయి. కాలువ తూము కాదు, పక్క కాలువల నీటిని సర్దే తూము అన్నమాట. అలాంటి దాన్ని మూస్తే ఎక్కడ నీళ్ళు తగ్గుతాయో, ఎక్కడ పెరుగుతాయో ముందే చెప్పడం కష్టం.

పొగాకు మాన్పించే పనిలో దీన్ని మొదట గట్టిగా వాడారు. 1994లో జెడ్ రోజ్ బృందం ఒక చిన్న ట్రయల్‌లో చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్, మెకామైలమిన్ రెండూ కలిపి ఇచ్చింది. తెరిచేదీ మూసేదీ ఒకే మనిషికి! వినడానికి పిచ్చిగా ఉన్నా లెక్క ఉంది. రిసెప్టర్లలో కొన్నిటిని ప్యాచ్ ఆక్రమిస్తుంది, మిగిలినవాటిని బ్లాకర్ మూసేస్తుంది, సిగరెట్‌కు పట్టు దొరకదు. ఏడాది తర్వాత రెండూ తీసుకున్నవాళ్ళలో 37.5 శాతం మంది, ప్యాచ్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 4.2 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. పాల్గొన్నది 48 మందే కాబట్టి ఆ శాతాలను చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ జంట మందు మార్కెట్‌కు రాలేదు. 2006లో వచ్చిన వరెనిక్లిన్ మాత్రం అదే లెక్కను ఒకే అణువులో ఇరికించింది. తూమును సగమే తెరిచి పట్టుకుని కూర్చుంటుంది. కోరిక కొంత తీరుస్తుంది, సిగరెట్ నికోటిన్‌ను చక్రం దగ్గరికి రానివ్వదు. మూసే మందా, తెరిచే మందా అంటే రెండూ.

టూరెట్ సిండ్రోమ్ అనే జబ్బులో పిల్లలు తమ ప్రమేయం లేకుండా కళ్ళు ఆర్పుతారు, భుజాలు ఎగరేస్తారు, శబ్దాలు చేస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ ఇస్తే మామూలు మందులు ఇంకా బాగా పనిచేస్తున్నాయని 1990లలో కనిపించింది. నికోటిన్ చివరికి రిసెప్టర్లను మొరాయింపజేయడమే దీనికి కారణమైతే, వాంతులు తెప్పించే నికోటిన్ ఎందుకు, నేరుగా మెకామైలమిన్ ఇస్తే పోదా అనుకున్నారు. కొందరు పేషెంట్లలో బాగుందన్నారు కూడా. 2001లో పేషెంట్లకూ డాక్టర్లకూ ఏది అసలు మందో తెలియకుండా జరిపిన ట్రయల్‌లో మెకామైలమిన్ మందు లేని ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచెయ్యలేదు. టూరెట్‌లో లక్షణాలు వాటంతటవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ఎక్కువైనప్పుడే డాక్టర్ దగ్గరికి పోతాం, ఆ తర్వాత ఏ మందిచ్చినా తగ్గినట్టే ఉంటుంది.

డిప్రెషన్ కథలో మన దేశానికీ భాగముంది. మెదడులో ఎసిటైల్‌కోలిన్ జోరు పెరిగితే మనసు కుంగుతుందని 1972లో డేవిడ్ జనోవ్‌స్కీ బృందం ప్రతిపాదించింది. ఫైసోస్టిగ్మిన్ ఇస్తే కొందరు దిగులులో పడిపోవడం దానికి ఆధారం. అలాగైతే నికోటినిక్ తూములను కాస్త మూస్తే మనసు తేలికపడాలి. డిప్రెషన్‌కూ పొగ మాన్పించడానికీ వాడే బుప్రోపియాన్ ఈ రిసెప్టర్లను కొంత అడ్డుకుంటుందన్న సంగతీ ఆ ఆశకు బలమిచ్చింది. అమెరికన్ కంపెనీ టార్గాసెప్ట్ మెకామైలమిన్ అణువు రెండు అద్దపు రూపాల్లో ఒకదాన్ని వేరుచేసి టీసీ-5214 అని పేరు పెట్టింది. మొదటి మందు సరిపోని డిప్రెషన్ పేషెంట్లకు అదనంగా దాన్ని ఇచ్చి భారతదేశంలో, అమెరికాలో ట్రయల్ జరిపారు. 2009లో వచ్చిన ఫలితాలు అదిరిపోయాయి. ఆ డిసెంబర్‌లోనే ఆస్ట్రాజెనెకా 20 కోట్ల డాలర్లు ముందే చెల్లించి ఒప్పందం చేసుకుంది. తర్వాత జరిగిన పెద్ద ట్రయల్స్ ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి. 2012 కల్లా ఆ మందు కథ ముగిసింది.

ఎందుకు పోయింది? నా ఉద్దేశంలో సిద్ధాంతం పూర్తిగా తప్పు కాకపోవచ్చు. డిప్రెషన్ ట్రయల్స్‌లో ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్ళు కూడా చాలామంది కోలుకుంటారు. వారం వారం ఎవరో కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడుగుతారు కదా, అదే ఒక వైద్యం. చిన్న ట్రయల్‌లో కనిపించే పెద్ద తేడాలు పెద్ద ట్రయల్‌లో కరిగిపోవడం ఈ రంగంలో చూస్తూనే ఉంటాం. పైగా మెకామైలమిన్ ఏ ఒక్క రకం తూమునో ఎంచుకోదు, అన్నిట్లోనూ అంతో ఇంతో గోనెసంచి కుక్కుతుంది. ఒక్కో రకాన్నే మూసే పదార్థాలు లేవని కాదు. మన పొలం గట్ల మీద ఎర్రగా పూసే బాడిద చెట్టు జాతి గింజల నుంచి వచ్చిన డైహైడ్రో-బీటా-ఎరిత్రాయిడిన్ మెదడులోని ముఖ్యమైన ఒక రకాన్ని ఎంచుకుని మూస్తుంది. సముద్రపు కోన్ నత్తల విషంలోని పదార్థాలు ఇంకా సూక్ష్మంగా ఎంచుకుంటాయి. అవి ఎలుకల మీద, ల్యాబ్ పళ్ళేల్లో అద్భుతంగా పనిచేస్తాయి. మనిషి మాత్రగా మారడం వేరే సంగతి.

పార్కిన్సన్స్‌లో ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. పొగతాగేవాళ్ళకు ఈ జబ్బు తక్కువగా వస్తుందని దశాబ్దాలుగా లెక్కలు చెబుతున్నాయి. నికోటిన్ కాపాడుతోందేమో అని కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళకు ఏడాది పాటు ప్యాచ్‌లు వేసి చూశారు. 2023లో ప్రచురించిన ఆ ఫలితాల్లో జబ్బు నెమ్మదించలేదు. ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మందును ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకు వచ్చే మెలికలు తిరిగే కదలికల విషయం వేరు. కాలిఫోర్నియాలో మారికా క్విక్ బృందం కోతులకు, ఎలుకలకు నికోటిన్ ఇస్తే ఆ కదలికలు తగ్గాయి. 2010లో అదే బృందం ఎలుకలకు మెకామైలమిన్ ఇచ్చి చూసింది. దానితోనూ తగ్గాయి! తెరిచే మందుతో వచ్చిన మేలే మూసే మందుతోనూ వస్తే, నికోటిన్ చేసిన మేలు తెరవడం వల్ల కాదు, మొరాయింపజేయడం వల్ల అయ్యుండాలని వాళ్ళు వాదించారు. లాంగ్లీ కుంచెతో పూసి చూసింది ఇదే కదా.

జ్ఞాపకశక్తి విషయంలో మాత్రం బ్లాకర్ వైపు నుంచి మేలు ఆశించడం కష్టం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మెకామైలమిన్ ఇస్తే కొత్త సంగతులు నేర్చుకోవడంలో తడబడ్డారు, వయసు మళ్ళినవాళ్ళు ఇంకా ఎక్కువగా. అల్జీమర్స్‌లో ఎసిటైల్‌కోలిన్ నరకణాలే చచ్చిపోతాయి కాబట్టి అక్కడ వాడే డోనెపెజిల్ లాంటి మందులు ఎసిటైల్‌కోలిన్‌ను నిలిపే పని చేస్తాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఒక అరుదైన మూర్ఛ. నిద్రలోనే వస్తుంది, ఒక్కోసారి ఒకే రాత్రి గుంపుగా. మనిషి ఉలిక్కిపడి లేస్తాడు, చేతులు కాళ్ళు కొట్టుకుంటాడు, కేకపెడతాడు, నిమిషంలోపే మామూలవుతాడు. చాలాసార్లు తెలివి కూడా తప్పదు. పీడకల అనుకుంటారు, మన ఇళ్ళల్లో అయితే గాలి సోకిందనీ అనుకుంటారు. 1995లో ఒక ఆస్ట్రేలియన్ కుటుంబంలో దీనికి మూలం దొరికింది. మెదడు నికోటినిక్ రిసెప్టర్‌లోని ఆల్ఫా-4 అనే ముక్కలో, సరిగ్గా రంధ్రం గోడలో, ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. వేరే మెదడు జబ్బేదీ లేకుండా వంశపారంపర్యంగా వచ్చే మూర్ఛకు దొరికిన మొదటి జన్యువు అదే. ఆ మార్పు ఏం చేస్తుందో ల్యాబ్‌లో చూసినప్పుడు, తూము తొందరగా మొరాయిస్తోందని మొదట చెప్పారు. తర్వాత దొరికిన మార్పులన్నీ పోల్చి చూస్తే, తక్కువ ఎసిటైల్‌కోలిన్‌కే తెరుచుకుంటోందని తేలింది. అంటే చెయ్యి తగిలితే చాలు, తిరిగిపోయే చక్రం.

అలాంటి తూముకు బ్లాకర్ కావాలి. అది అప్పటికే డాక్టర్ల దగ్గర ఉంది. రాత్రి పడుకునే ముందు కొద్ది మోతాదు కార్బమజెపిన్ ఇస్తే చాలామందికి మూర్ఛలు తగ్గేవి. మూర్ఛకు దశాబ్దాలుగా వాడుతున్న మందే, సోడియం చానళ్ళ మీద పనిచేస్తుందని అందరికీ తెలిసిందే. ఈ మారిన రిసెప్టర్ రంధ్రంలో అది మామూలు రిసెప్టర్‌లో కంటే గట్టిగా అడ్డుపడుతుందని 1999లో చూపించారు.

కార్బమజెపిన్‌కు లొంగని మనుషులూ ఉన్నారు. వాళ్ళలో ఒకరు పొగాకు వాడితే తనకు మూర్ఛలు తగ్గుతున్నాయని డాక్టర్లకు చెప్పారు. డాక్టర్లు కొట్టిపారేయలేదు. కొన్నాళ్ళు నికోటిన్ ప్యాచ్, కొన్నాళ్ళు ఉత్తి ప్యాచ్, ఏది ఎప్పుడన్నది ఎవరికీ తెలియకుండా మార్చి మార్చి వేసి రాత్రుళ్ళు లెక్కపెట్టారు. 2003లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఉన్నది ఒక్క పేషెంటే. నికోటిన్ ప్యాచ్ ఉన్న రాత్రుళ్ళు మూర్ఛలు తగ్గాయి. అతి తేలిగ్గా తెరుచుకునే తూమును, తెరిచే మందు మూసేసింది.